రబియా కాలి కింద పెడల్

మండల విద్యాధికారి గారి సముఖమునకు,
మోదుగులకుంట మండలం, మహబూబ్‌నగర్ జిల్లా.

అర్జీదారు: గులాం నబీ, దర్జీ, బస్టాండు పక్క దుకాణం, మోదుగులకుంట.
తేదీ: 17-1-1994, సోమవారం.

విషయం: మా బిడ్డ రబియా (వయసు పన్నెండు) పేరు ఏడో తరగతి పరీక్ష జాబితాలో చేర్చుట, పరీక్షలో ఆమె కాలి కింద పెడల్ పెట్టుకొనుటకు అనుమతించుట, పిల్లల మనసు డాక్టరమ్మ రాసిన ఉత్తరమును తమరు చదువుట గురించి.

అయ్యా,

ఇది నా నాలుగో అర్జీ. మొదటి మూడింటిని ఎవరూ చివరిదాకా చదవలేదని తెలుసు గనుక దీన్ని వేరే పద్ధతిలో రాస్తున్నాను. ధ్యాస నిలవని పిల్లలకు పనిని చిన్న చిన్న ముక్కలు చేసి, అంకెలు వేసి ఇవ్వమని డాక్టరమ్మ చెప్పింది. తమరికీ అదే పద్ధతి పాటించాను. ఒక అంకె చదివాక తమరు లేచి వరండాలో ఒక చుట్టు తిరిగి రావచ్చు.

1. రబియా కుదురుగా కూర్చోలేదు. ప్రశ్న పూర్తికాకముందే జవాబు చెప్తుంది. పుస్తకాలు మరిచిపోతుంది, చెప్పులు మరిచిపోతుంది, ఒకసారి రేషన్ షాపు వరసలో తమ్ముణ్ణి మరిచి ఇంటికి వచ్చింది. ఇవేవీ నేను దాచలేదు. దీనికి బడివారు చేసిన వైద్యం ఏమనగా, ఆమె చున్నీతోనే ఆమె రెండు కాళ్లూ బెంచీకి కట్టుట. నేను పోయి అడిగితే హెడ్మాస్టరు చెన్నయ్య గారు, "ఏం జెయ్యమంటవు నబీ సాబ్, నలభై మందిల గీ ఒక్క పిల్లకే కావలి ఉండాల్నా?" అన్నారు. మా వాడలో మేకలను కూడా మధ్యాహ్నం విప్పుతారు. నా బిడ్డను సాయంత్రం బెల్లు కొట్టాక విప్పారు.

2. దుకాణం మూసి, కల్వకుర్తిలో బస్సు మారి, బిడ్డను హైదరాబాదు దవాఖానకు తీసుకుపోయాను. డాక్టరమ్మ గంటన్నర మాట్లాడింది. నాతో పది నిమిషాలు, మిగతాదంతా రబియాతో. ఇది పిచ్చీ కాదు, పొగరూ కాదు, పెంపకంలో లోపమూ కాదు, కొందరు పిల్లల ధ్యాస తీరే ఇంత, ఓపికగా దారిలో పెట్టవచ్చు అని చెప్పింది. అంతవరకు నా భార్య అజీజా బేగం, కడుపుతో ఉన్నప్పుడు తానే ఏదో తప్పు చేశానని అనుకుంటూ ఉంది. ఇంటికి వచ్చి ఈ మాట చెప్పగానే పొయ్యి ముందు కూర్చుని ఏడ్చింది. ఇది అర్జీలో రాయదగిన సంగతి కాదు. అయినా రాశాను.

3. బిడ్డ ఎప్పుడు నిమ్మళంగా ఉంటుందని డాక్టరమ్మ అడిగింది. నా కుట్టుమిషను తొక్కేటప్పుడు అన్నాను. తొక్కుతూ చెప్తే పంతొమ్మిదో ఎక్కం దాకా తప్పు పోదు. మిషను ఆపితే ఏడో ఎక్కంలోనే తడబడుతుంది. కాలికి పని ఉంటే తల కూర్చుంటుంది. అయితే ఒక పెడల్ విప్పి బడిలో బెంచీ కింద పెట్టమని డాక్టరమ్మ అన్నది. పెట్టాను. నూనె వేశాను, బెల్టు తీసేశాను, చప్పుడు రాదు. దాంతో పరీక్షలో కాపీ కొట్టడం ఎలాగో తెలిసినవారు ఎవరైనా ఉంటే వచ్చి నాకు చూపించగలరు.

డాక్టరమ్మ తమరికి ఉత్తరం కూడా రాసింది. పిల్ల కాలు కదలనివ్వండి అన్నది. వారానికి ఒక్కసారి ఒక టీచరు అరవకుండా పక్కన కూర్చోబెట్టుకుని, ఎట్లా ఉన్నావు, ఏది కష్టంగా ఉంది అని అడగాలన్నది. మండలంలో ఇట్లాంటి పిల్లలు ఇంకా ఉంటారు గనుక టీచర్లందరికీ చెప్పడానికి తానే వస్తానని, ఫీజు వద్దని, ఒక తారీఖు చెప్తే చాలని రాసింది. తమరు చెప్పవలసినది ఒక్క తారీఖు.

4. దానికి తమ కార్యాలయం, పిచ్చి లేదని సర్టిఫికెట్ తెమ్మన్నది. తెచ్చాను. సదరు సర్టిఫికెట్ పిచ్చి డాక్టరు ఇచ్చినది గనుక, అక్కడికి పోయిందంటే పిచ్చి ఉన్నట్టే అని తమ క్లర్కు భిక్షపతి గారు రాసి తిప్పి పంపారు. ఇది నాకు అర్థం కావడానికి రెండు రోజులు పట్టింది. ఇంతమాత్రం తెలివికి సర్కారు కుర్చీ ఇస్తున్నదని తెలిశాక, నా బిడ్డ చదువు మీద ఆశ ఇంకా పెరిగింది.

5. పోయిన మంగళవారం బిడ్డను వెంటబెట్టుకుని తమ గదికి వచ్చాను. తమరు క్రమశిక్షణ మీద ఇరవై నిమిషాలు ఉపన్యసించారు. "కూసునుడు రానోళ్లకు సదువెందుకు?" అన్నారు. ఆ ఇరవై నిమిషాలూ తమరి కుడికాలు టేబులు కింద ఆడుతూనే ఉంది. దర్జీవాణ్ణి, నా కన్ను ముందు ప్యాంటు మీదే పడుతుంది. టేబులు ఊగింది, సిరాబుడ్డి ఊగింది. మధ్యలో తమరు బిడ్డ పేరు రెండుసార్లు మరిచారు, కళ్లద్దాలు నెత్తిన పెట్టుకుని సొరుగులో వెతికారు. అంతలో రబియా టేబులు కిందికి దూరి, టేబులు కాలి కింద మడిచిపెట్టిన కాగితం లాగి, విప్పి చూపింది. అది డాక్టరమ్మ ఉత్తరం. టేబులు ఊగుతున్నదని తానే పెట్టానని అటెండరు పెద్దులు ఒప్పుకున్నాడు.

రబియా ఏమీ వెక్కిరించలేదు. చూసింది చెప్పింది. "సారు కాలు ఊపుతాండు. గందుకే టేబులు ఊగుతాంది. గందుకే డాక్టరమ్మ చిట్టీ గాడ పెట్టిన్రు."

తమరు నా దరఖాస్తు అందుకుని ఎర్రసిరాతో "క్రమశిక్షణ లేని బాలిక, పరీక్షకు పంపరాదు" అని రాశారు. ఆ టేబులు రెండేళ్లుగా ఊగుతున్నదట. నేల వంకర అని ఆఫీసంతా అనుకుంటున్నదట. ధ్యాస లేని పిల్ల ఇరవై నిమిషాల్లో కారణం కనిపెట్టింది.

6. జాబితా గురువారం జిల్లాకు పోతుంది. అందులో పేరు లేకపోతే రబియా ఇక బడికి రాదు. ఇది బెదిరింపు కాదు. నిన్న పుస్తకాలన్నీ మూటగట్టి అటక మీద పెట్టింది. నా దగ్గరికి వచ్చి, "అబ్బా, నేను ఖరాబ్ మాలునా?" అని అడిగింది. కోతలో బట్ట చెడిపోతే దుకాణంలో నేను అనే మాట అది. కత్తెర పక్కన పెట్టి, కాదు బేటీ అన్నాను. నా మాట నమ్మలేదు, తమరి ఎర్రసిరాను నమ్మింది. అందుకు తమరిని నేను క్షమించను.

కావున తమరు ఆ ఎర్రసిరా రాతను కొట్టివేసి, గురువారం లోపల పేరు చేర్చి, పెడల్‌కు అనుమతి ఇచ్చి, డాక్టరమ్మకు ఒక తారీఖు తెలుపవలసినదిగా కోరుచున్నాను. ఉత్తరం నకలు జతపరిచాను. ఈసారి పల్చని కాగితం మీద రాయించాను, ఎన్ని మడతలు పెట్టినా టేబులుకు ఎత్తు చాలదు.

చిత్తము నిలిచినంతసేపు చిత్తగించవలెను.

గురువారం దాకా తమ విధేయుడు,
గులాం నబీ

తా.క.: నా దుకాణంలో ఇంకో పాత మిషను ఉంది. దాని పెడల్ కూడా విప్పి నూనె వేసి ఉంచాను. తమరు సరేనంటే వచ్చి తమరి టేబులు కింద బిగించిపోతాను, కూలి వద్దు. ఇంతసేపూ తమరిని వెక్కిరించాను, ఈ ఒక్క మాట వెక్కిరింపు కాదు. చిన్నప్పుడు ఏ బడిలోనూ తమరి కాళ్లు ఎవరూ కట్టేయలేదు గనుకనే తమరు ఆ కుర్చీ దాకా రాగలిగారు. నా బిడ్డకు నేను అడుగుతున్నది అంతే.