పాల బకెట్టు కథ

పంజాగుట్ట,
18 ఆగస్టు 2024.

చిరంజీవి రాఘవేందర్‌కు,

ఆశీస్సులు. నువ్వు క్షేమమేనని అమీర్‌పేటలో నీ స్పోకెన్ ఇంగ్లీషు ఇన్‌స్టిట్యూట్ ఫ్లెక్సీలే చెబుతున్నాయి. వాటి మీద నీ ముఖం నా గది గోడకంటే పెద్దదిగా ఉంది. నాకు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. ఇది ఎడమచేత్తో రాస్తున్నాను. వంకర అక్షరాలను మన్నించు.

సోమాజిగూడ ఆసుపత్రిలో నాకు ఫిజియోథెరపీ చేసే సుకన్య నీ 'ఇంగ్లీషు జాతీయాల పుట్టుక' చదువుతోంది. పదో ముద్రణ. అట్ట మీద నీ ఫొటో, లోపల నా నోటుపుస్తకం. ఇరవై ఏళ్ల కిందట, జిరాక్స్ తీయించి పొద్దున్నే తెచ్చిస్తానని పట్టుకెళ్లావే, అదే. ఆ పొద్దు ఇంకా పొడవలేదు.

మొన్న ఫోన్ చేస్తే ఏమన్నావు? "గవన్నీ డిక్షనరీలల్ల ఉన్నయే గద సార్, మీ సొంతం ఏముంది అండ్ల? ఫికర్ చెయ్యకుండ్రి, జర ఆరోగ్యం చూస్కోండ్రి" అన్నావు.

సరే. గుట్టు బయటపెట్టడాన్ని ఇంగ్లీషులో చిక్కుడుగింజలు ఒలకబోయడం అని ఎందుకంటారో, మోయలేని బరువును తెల్ల ఏనుగు అని ఎందుకంటారో ఎక్కడైనా దొరుకుతుంది. మరి చనిపోవడాన్ని బకెట్ తన్నడం అని ఎందుకంటారు? లండన్‌లో ప్లేగు వచ్చిన ఏడాది మార్తా అనే పాలమనిషి ఆవు బకెట్టు తన్నేదనీ, పాలు ఏ గుమ్మం వైపు పారితే ఆ ఇంట్లో మనిషి పోయేవాడనీ నీ పుస్తకం నలభై రెండో పేజీలో ఉంది. నా దగ్గరున్న పన్నెండు నిఘంటువుల్లో ఎక్కడా లేదది. నా నోటుపుస్తకంలో తప్ప. నువ్వు దొరికిపోయింది అక్కడే.

సుకన్య నా చెయ్యి పైకెత్తిస్తూ ఆ కథ నాకే చెప్పింది. "మస్తుగుంది గద తాతా? వచ్చే నెల జాబ్ కోసం ఇంగ్లీష్ ఇంటర్వ్యూ ఉంది, అండ్ల గిదే చెప్త" అంది. ఎవరు రాశారమ్మా అంటే అట్ట తిప్పి నీ ఫొటో చూపించింది.

పదకొండో ముద్రణలో నా పేరు వెయ్యి. ఒక్క వరుస చాలు. నేను పోయేలోపు వెయ్యి.

నీ చేత ఇంగ్లీషులో మొదటి వాక్యం పలికించిన
అచ్యుతరావు

తా.క.: ఆ కథ ఏ నిఘంటువులోనూ ఎందుకు లేదో దాచి లాభం లేదు. ఆ రోజు ఫీజు కట్టకముందు ఉచితంగా చెప్పే డెమో క్లాసు. "బకెట్ ఎందుకొచ్చింది సార్?" అని లేచి అడిగింది నువ్వే. అసలు సంగతి ఎవరికీ రూఢిగా తెలియదు, నాకూ తెలియదు. తెలియదంటే మీరంతా మెట్లు దిగి ఎదురు ఇన్‌స్టిట్యూట్ డెమోకు పోతారు. బోర్డు తుడుస్తూ తుడుస్తూ మార్తాను పుట్టించాను. సుకన్యకు చెప్పలేకపోయాను, ఆ పిల్ల ఇంటర్వ్యూకు వెళ్లేలోపు నువ్వైనా చెప్పు. ఆ పేజీ తీసెయ్యి. తీసేశాక నా పేరు వెయ్యనక్కర్లేదు. మిగిలినవన్నీ నువ్వన్నట్టు డిక్షనరీల్లోవే.