జోసఫ్ అడిగిన రెండో ప్రశ్న

ఆదివారం రాత్రి

చర్చిలో పూజ అయ్యాక జోసఫ్ ఫాదర్ గారిని అడిగాడు. "కడుపులో బిడ్డను కాపాడేదానికి డాక్టరును కొడితే పాపమా ఫాదర్?"

"పాపమే అప్పా. గర్భస్రావం తప్పని గట్టిగా చెప్పు, ఆ తల్లికి తోడుగా నిలబడు. డాక్టరు ప్రాణం కూడా దేవుడిచ్చిందే. దాని మీద చెయ్యి వేసే హక్కు మనకు లేదు."

జోసఫ్ తల ఊపాడు. బయట చెప్పులు వేసుకుంటూ నన్ను పక్కకు పిలిచాడు. "అక్కా, నువ్వు నర్సుగా ఉండే ఆస్పత్రిలో అబార్షన్లు చేసే ఆ డాక్టరమ్మ ఎన్నింటికి ఇంటికి పోతాది? తోడు ఎవరన్నా ఉండారా?"

తెలీదన్నాను. ఊరికే అడిగాడేమో. ఊరికే అడిగే మాటేనా అది? మా అమ్మ పోయినప్పుడు శవపేటిక మోసినవాడు...

గర్భస్రావం పాపమని నేనూ నమ్ముతాను. ఆ ఆపరేషన్లకు నేను వెళ్ళను, డాక్టరమ్మకూ ఆ సంగతి తెలుసు. అయినా హూడిలో ఇల్లు చేరగానే ఆమెకు ఫోన్ చేసి జోసఫ్ పేరూ, అతను అడిగిందీ చెప్పేశాను.

ఆమె ఆ పేరు మళ్ళీ అడిగి రాసుకుంది. తర్వాత, "రేపు పోలీసుల దగ్గరికి పోదాం, వస్తావా?" అంది. వస్తానన్నాను.

నా అనుమానం తప్పయితే జోసఫ్ కాళ్ళు పట్టుకుంటాను. అది నిజమై, నేను నోరు మూసుకుని ఉంటే, అప్పుడు ఎవరి కాళ్ళు పట్టుకునేది?