పాత ర్యామ్ పారేయొద్దు

అన్నయ్యా,

ఆఫీసు నుంచి రాగానే కంప్యూటర్ ముట్టుకోకు. రాత్రి నువ్వూ వదినా వేసిన కొత్త ర్యామ్ పాతదానితో సర్దుకోవడం లేదు. ప్రాజెక్టు రాస్తుంటే తెర నీలంగా మారి రెండుసార్లు ఆగిపోయింది. విడివిడిగా పెట్టి చూశాను, రెండూ బాగానే ఉన్నాయి. కొత్తదానికి వేగం ఎక్కువ. సెట్టింగుల్లో దాన్ని పాతదాని వేగానికి తగ్గిస్తే కలిసి నడుస్తాయేమో. ప్రస్తుతానికి కొత్తదాన్ని తీసి దాని డబ్బాలోనే పెట్టాను. ఏమీ విరగలేదు, ఒట్టు.

“పాతది తీసి పారేద్దామండీ” అని వదిన అంటే నువ్వు “సరేలే” అన్నావు. తలుపు దగ్గరే ఉన్నాను, విన్నాను. అది మనిద్దరం బిగించింది. ఆ రోజు టార్చి పట్టింది నేను. “నువ్వు లేకపోతే నాకు చేతులాడవే బుజ్జీ” అన్నావు. రాత్రి టార్చి వదిన చేతిలో ఉంది. నీకు చేతులు బాగానే ఆడాయి. నన్ను పిలవనైనా లేదు.

నేను ట్యూషన్ నుంచి వచ్చేదాకా కంప్యూటర్ మూత విప్పకు.

– బుజ్జి

వదినే టార్చి పడతానంటే పట్టనీ. నీది ఎడమచేతి వాటం కదా, కుడిపక్క నిలబడమను. లేకపోతే నీ చేతి నీడే అడ్డం పడుతుంది. రాత్రి నువ్వు తడుముకున్నది అందుకే. తనకు తెలియదు పాపం.