ఐసు ఫ్యాక్టరీ చొక్కా

రూతమ్మకు,

నా రాత కోడి కెలికినట్టుంటుంది, తప్పులూ ఉంటాయి. ఏమనుకోకు.

నువ్వు పోయి నిన్నటికి ఏడాది. ఇంట్లో ఉండబుద్ధి కాక, మీ చెల్లెలి మనవరాలు సునీత చదివే బాపట్ల కాలేజీకి వెళ్లాను. గాలిలో చెడ్డ గ్యాసుల్ని పసిగట్టే సెన్సార్ తయారుచేస్తోంది. గోరంత బిళ్ల మీద కంటికి కనపడని కార్బన్ గొట్టాలున్నాయట. గ్యాసు తగిలితే మీటరు ముల్లు కదులుతుంది. అమ్మోనియాలో ముంచిన దూది దగ్గర పెట్టగానే ముల్లు గెంతింది.

మా ఐసు ఫ్యాక్టరీలో నీళ్లు గడ్డకట్టించేదీ ఆ అమ్మోనియా గ్యాసే కదా, నువ్వే గుర్తొచ్చావు. నేను ఐసు ఫ్యాక్టరీ నుంచి రాగానే గడపలో ఆపి, చొక్కా వాసన చూసి, "ఏమయ్యా, మళ్లీ గ్యాసు లీకైందా? అది విప్పి బయట పడేసి రా" అనేదానివి. లేదన్నా నమ్మేదానివి కాదు.

ఆ ఖాకీ చొక్కా సంచిలో పెట్టుకునే వెళ్లాను. నేను పని మానేసిన రోజు నువ్వు ఉతికి మడతపెట్టిందే. ఆ వాసన కాస్తయినా మిగిలుంటుందని ఆశ. ఎంతసేపు పెట్టినా ముల్లు కదల్లేదు.

"పాతదైపోయింది కదా తాతయ్యా, వాసన పోయుంటుంది" అంది సునీత.

"పాతదై కాదమ్మా. మీ పెద్దమ్మమ్మ ఉతికింది" అన్నాను.

తెనాలిలో రేపల్లె బండి కోసం కూర్చున్నప్పుడు ఆ చొక్కా తొడుక్కున్నాను. బాగా వదులైంది. ఇంటికొచ్చి, అలవాటుగా గడపలోనే నిలబడ్డాను.

లోపలికి రమ్మంటావో, విప్పి రమ్మంటావో, తొందరగా జవాబు రాయి.