తమ్ముడి కోసం తిన్న కూర

ఆదివారం, కవిటి

నాలుగు కిలోలు తగ్గితే తమ్ముడికి నా కిడ్నీ ఇవ్వొచ్చని డాక్టరు చెప్పినప్పటి నుంచి రాత్రిపూట అన్నం మానేశాను. మూడు తగ్గాను. ఈరోజు చర్చిలో ప్రేమవిందు. పచ్చి జీడిపప్పు కూరంటే వాడికి ప్రాణం, డయాలసిస్ మొదలయ్యాక వద్దన్నారు. పక్కన కూర్చుని, "నువ్వు తినక్కా. ఎలాగుందో సెప్పు, నాను ఇంటాను" అన్నాడు. చెబుతూ చెబుతూ మూడుసార్లు వేయించుకున్నాను. ఉప్పెక్కువైందని ఒక్క అబద్ధమాడి చెయ్యి కడుక్కోవాల్సింది, తిండిపోతుని! ఆ కూర వాడికి నా చేత్తో కడుపునిండా పెట్టాలని ఎంతగా ఉందో...

ఇంటికొచ్చి ఏడుస్తుంటే, "ఒక్కపూటకి ఏటవదక్కా. రేపు తెల్లారగానే నడుద్దాం, నానూ వత్తాను" అన్నాడు. వీధి చివరిదాకా వెళ్తేనే ఆయాసం వాడికి. అయినా గుమ్మంలో నా చెప్పుల పక్కన తన చెప్పులు పెట్టుకుని పడుకున్నాడు.