బీరువా వెనుక దొరికిన కవర్ల గురించి

వలస అనుమతుల కార్యాలయం ముఖ్య అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: నా భర్త రాక కోసం పెట్టుకున్న దరఖాస్తులో ఆరుసార్లు అదనపు పత్రాలు కోరి, పంపిన పత్రాలను తెరవకుండా బీరువా వెనుక పడవేసిన పరిశీలనాధికారిని బదిలీతో సరిపెట్టక శిక్షించవలసిందిగా కోరుట గురించి.

సూచిక: తమ కార్యాలయం నాకు పంపిన ఏడు లేఖలు.

నేను ఈ పట్టణంలో ఆఫీసులు ఊడ్చి తుడిచే కాంట్రాక్టు కంపెనీలో ఆరేళ్లు పనిచేశాను. నా భర్త వెల్డింగు పనివారు, మా సొంత దేశంలో ఉండేవారు. రెండేళ్ల నాలుగు నెలల క్రితం ఆయన కోసం దరఖాస్తు పెట్టేనాటికి నాకు రెండో నెల. ఆరు నెలల్లో తేలుస్తామని మీ హాలు గోడ మీద రాసి ఉంది. కాన్పుకు ఆయన పక్కన ఉంటారనుకున్నాము. తర్వాత జరిగినది ఇది:

1. జాబితాలో అడిగిన ముప్పై ఒక్క కాగితాలూ మొదటి రోజే ఇచ్చాను. మూడో కౌంటరు అధికారి అన్నీ తిరగేసి, కళ్లజోడు తీసి, అంతా బాగానే ఉందమ్మా, ఇంకొక్కటి కావాలి అన్నారు. హాల్లో కూర్చునేవాళ్లమంతా ఆయనను ఇంకొక్కటిగారు అనే పిలుచుకుంటాము. కనుక ఇక్కడా అలాగే రాస్తున్నాను. ప్రతి నెలాఖరుకూ ఆయన నుంచి ఒక లేఖ వచ్చేది. మొదటిదానిలో అద్దె ఒప్పందం అడిగారు, రెండోదానిలో ఇంటి యజమానురాలి ఉత్తరం, మూడోదానిలో ఆమె నిజంగా యజమానురాలే అనడానికి ఆధారం. ఆ పెద్దావిడ దస్తావేజులు తీసి నా చేతికిస్తూ, మీ ఆయన్ని రప్పించుకుంటున్నావా, నా ఇల్లు రాయించుకుంటున్నావా అని అడిగింది.

2. నాలుగో లేఖలో మా వివాహం నిజమైనదని రుజువు కోరారు. మేము ఫోనులో రాసుకున్న మాటలన్నీ అచ్చు వేయించి పట్టుకెళ్లాను. ఇంకొక్కటిగారు తీరుబడిగా చదివారు. "మొగుడూ పెళ్లాలు ఇంత మర్యాదగా మాట్లాడుకుంటారా? ఒక్క గొడవ కూడా లేదేంటమ్మా?" అన్నారు. ఆ మాట మా ఆయనకు చెబితే, దానికేముంది, కాసేపు పోట్లాడుకుందాం అన్నారు. నేను ఆయన చెల్లెలి పెత్తనంతో మొదలుపెట్టాను. ఆయన నా వంట దగ్గరికి వెళ్లారు. అక్కడి నుంచి మా నాన్న దాకా వెళ్లారు. నాలుగు రోజులు మాకు మాటల్లేవు. ఆ గొడవ కూడా అచ్చు వేయించి జతపరిచాను. ఐదో లేఖ వచ్చింది: దంపతుల మధ్య సఖ్యత లేనట్లు కనిపిస్తున్నందున, వివాహం కొనసాగుతున్నదనుటకు ఆధారం పంపవలెను.

3. ఆరో లేఖ నేను ఆసుపత్రిలో ఉండగా, పాప పుట్టిన మూడో రోజున వచ్చింది. లేచి కూర్చునే ఓపిక లేక నర్సమ్మను చదవమన్నాను. అందులో ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను: "శిశువు జనన సమయమున తండ్రి తల్లి పక్కన ఉన్నట్లు తెలుపు ఛాయాచిత్రము జతపరచవలెను." నర్సమ్మ రెండుసార్లు చదివింది. కాగితం మడిచి నా తలగడ కింద పెట్టి, "ఇప్పుడు దీని గురించి ఆలోచించకు, పాలు పడవు" అంది.

అయ్యా, ఆయన నా పక్కన లేకపోవడానికి కారణం తమ కార్యాలయమే. అదే సంగతి ఆ మంచం మీదే రాయించి, సంతకం చేసి, రిజిస్టరు పోస్టులో పంపాను. అందినట్టు మీ ముద్ర పడిన రసీదు కూడా నాకు తిరిగి వచ్చింది.

4. మూడు నెలల తర్వాత ఏడో లేఖ. గడువులోగా ఏమీ అందలేదట. పసిపిల్లను ఎత్తుకుని వెళ్లి రసీదు చూపించాను. కవరు అందినట్టే రసీదు చెబుతోంది, కవరులో ఏముందో చెప్పడం లేదు కదా అన్నారు. మళ్లీ పంపాను. అలా నాలుగుసార్లు పంపాను. ఈలోగా మా ఆయన కోసం వెల్డింగు షాపువాళ్లు అట్టేపెట్టిన పని వేరేవాళ్లకు వెళ్లిపోయింది.

5. ఆ రసీదు నా ముఖాన తోసిన రోజే ఆయన మీద కక్ష పట్టానని ఒప్పుకుంటున్నాను. దాచను. మా సూపర్‌వైజరును బతిమాలి మీ కార్యాలయానికి డ్యూటీ వేయించుకున్నాను. పదకొండు నెలలు ఇంకొక్కటిగారి గది తుడిచాను. తెల్లవారి ఆరుకు మొదలుపెట్టేదాన్ని, ఎనిమిదింటికి ఆయన వచ్చేవారు. నన్ను గుర్తుపట్టలేదు. కౌంటరుకు అవతల అన్నిసార్లు నిలబెట్టిన ముఖాన్ని, చేతిలో తుడుపుకర్ర ఉంటే ఆయన పోల్చుకోలేకపోయారు. ఒకసారి మాత్రం, ఆ మూల సరిగా తుడవడం లేదు అన్నారు.

ఆ మూల ఇనుప బీరువా ఉంది. గత నెల ఐదో తేదీన దాన్ని జరిపాను. వెనుక, గోడకూ బీరువాకూ మధ్య, దుమ్ము పట్టిన కవర్లు కట్టలు కట్టలుగా ఉన్నాయి. ఒక్కటీ చించలేదు. పైనుంచి రెండోదాని మీద నా చేతిరాత.

 బకెట్టు నీళ్లు ఎత్తి ఆయన బల్ల మీద కుమ్మరించాలనిపించింది. అలా చేస్తే తడిసేది దాని మీదున్న మా దరఖాస్తులే. గేటు కాపలాదారును, మా సూపర్‌వైజరును పిలిచాను. ముగ్గురం లెక్కపెట్టాము. నలభై ఆరు. అందులో నావి నాలుగు. పేర్లు, తేదీలు రాసుకుని ముగ్గురం సంతకాలు చేశాము. దేన్నీ తెరవలేదు, దేన్నీ తీసుకుపోలేదు. తేదీల వారీగా ఆయన బల్ల మీద పేర్చి, కవర్ల మీదున్న నంబర్లకు ఫోను చేశాను.

6. ఎనిమిదింటికి ఇంకొక్కటిగారు వచ్చేసరికి ఆయన గుమ్మం ముందు పంతొమ్మిది మంది నిలబడి ఉన్నారు. పనులు వదులుకుని వచ్చినవాళ్లు, చంకలో పిల్లలున్నవాళ్లు. ఎవరూ అరవలేదు. ఆయన లోపలికి వెళ్లి బల్ల వైపు చూశారు.

"ఎవరు పెట్టారివి?" అన్నారు.

"నేనేనండీ. ఇంకొక్కటి, ఇంకొక్కటి అన్నారుగా. ఇవిగో, నలభై ఆరు ఉన్నాయి" అన్నాను.

అప్పుడు గుర్తుపట్టారు.  అయినా నోరు ఊరుకోలేదు. "ఇవి నా గదిలోనే దొరికాయనడానికి నీ దగ్గర ఆధారం ఏముంది?" అన్నారు.

మా ముగ్గురి సంతకాలున్న కాగితం ఆయన చేతికిచ్చాను. ఇంకేం అడగాలో దొరక్క ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పడం నేను చూశాను. చూసి సంతోషించాను. ఇన్నేళ్లలో మీ కార్యాలయంలో నాకు కలిగిన మొదటి సంతోషం అది.

7. అదనపు పత్రం కోరగానే ఆ దరఖాస్తు ఆలస్యం లెక్కలోంచి తప్పుకుంటుందని, వచ్చిన కవరు తెరిచేదాకా లెక్క మళ్లీ మొదలవదని మీ గుమాస్తా ఒకరు ఆ రోజు చెప్పారు. కవరు తెరవకపోతే తప్పు దరఖాస్తుదారుదే అవుతుందన్నమాట. ఆలస్యమే లేదన్న ఆ లెక్కతోనే ఆయనకు ఉత్తమ అధికారి అని తాము ప్రశంసాపత్రం ఇచ్చారు. దాని అద్దం మీద దుమ్ము పదకొండు నెలలు తుడిచింది నేను.

ఆఫీసు కాగితాలు ముట్టుకున్నానని మా కంపెనీ నన్ను పనిలోంచి తీసేసింది. ఆయనను మాత్రం సెలవు మీద పంపారని, అదే హోదాలో వేరే ఊరికి వేస్తారని తెలిసింది. అక్కడ కూడా గోడ ఉంటుంది, బీరువా ఉంటుంది. కావున నా కోరికలు:

ఆయనను ఎక్కడికీ పంపవద్దు. ఆ నలభై ఆరు కవర్లూ ఆయన చేతనే, మా అందరి ఎదుట, ఒక్కొక్కటిగా చించి బిగ్గరగా చదివించండి. నా కవరు వచ్చినప్పుడు ఆసుపత్రి మంచం మీద రాయించినది తప్పకుండా చదవాలి. సగంలో ఆపితే మొదటి నుంచి చదివించండి. నా బిడ్డ పుట్టినప్పుడు దాని తండ్రి లేకపోవడానికి కారకుడిని నేనే అని తన చేత్తో రాసి, సంతకం చేసి ఇవ్వాలి. క్షమాపణ నాకు అక్కర్లేదు. ప్రశంసాపత్రం వెనక్కి తీసుకోండి. ఆ తర్వాత ఉద్యోగం ఉంచుతారో ఊడగొడతారో తమ ధర్మం. ఊడగొడితే ఆ రోజు నేను చూడటానికి వస్తాను.

చిత్తగించి, జాలి చూపక, చర్య తీసుకోవలెను.

ఇన్నాళ్లూ తమకు విధేయురాలిగా ఉన్న,
మూడో కౌంటరు దరఖాస్తుదారు

తాజా కలం: ఈ అర్జీ సగంలో ఉండగా మీ ఉప అధికారి ఫోను చేసి, మీ ఆయనకు అనుమతి వచ్చేసింది, ఇక ఇదంతా ఎందుకమ్మా అన్నారు. మా ఆయన కూడా అదే అన్నారు: "వచ్చేస్తున్నాను కదా, వదిలెయ్యవే." మీరు రండి, వదలడం మాత్రం నా వల్ల కాదు అన్నాను.

మొన్న దిగారు. పాప ఆయనను చూసి గుక్కపట్టి ఏడ్చింది. ఎత్తుకోబోతే నా కొంగు పట్టుకుని వెనక దాక్కుంది. అప్పటి నుంచి గదిలో ఆ చివర ఆయన నేల మీద కూర్చుని ఉంటున్నారు. అది తనంతట తాను రావాలట, తొందరేం లేదట. ఇవాళ ఆయన వైపు ఒక చెంచా విసిరింది. అదే పదివేలు అన్నట్టు ఆ చెంచా పట్టుకుని కూర్చున్నారు.

ఆయనకు ఓపిక ఉంది. నా ఓపిక ఆ గది తుడవడంలోనే అయిపోయింది. విచారణ ఏ రోజో చెప్పండి.