మంచు చెరువు మీద మా డాక్టరు

నాన్నా,

నేను పిరికిదాన్నని ఇంటిల్లిపాదీ కలిసి తేల్చేశారు. మొన్న ఆదివారం భోజనాల దగ్గర అన్నయ్య కార్‌స్టెన్ బంగాళాదుంపల గిన్నె అందిస్తూ, "జాగ్రత్త సిగ్రిడ్, వేడిగా ఉంది. అంబులెన్సుని పిలవమంటావా?" అన్నాడు. అమ్మకి నవ్వాగలేదు. నువ్వు మాత్రం జాలిగా, "దాన్ని వదిలేయండర్రా, ధైర్యం అనుభవం మీద వస్తుంది," అన్నావు. వాడి వెక్కిరింత కన్నా నీ జాలే ఎక్కువ గుచ్చుకుంది. నోటితో చెబితే మాట మార్చి చేపల కథల్లోకి దిగుతావు. అందుకే రాస్తున్నాను.

ఆ మంగళవారం సంగతి నీకు సగమే తెలుసు. బీట్‌దుంపల రైతు ఆర్విడ్ ఆయాసపడుతూ క్లినిక్‌కి వచ్చాడు. గుండె లయ తప్పి పరిగెడుతోంది. ఏ మందు ఎక్కించాలో నాకు తెలుసు, బీరువాలోనే ఉంది. కానీ నేను డాక్టర్ని కాదు, డాక్టరువైన నీ పర్యవేక్షణలో పనిచేసే అసిస్టెంటుని. అది ఎక్కించే ముందు నీతో మాట్లాడి తీరాలని, మనిద్దరం సంతకాలు చేసి రాష్ట్ర వైద్య మండలికి ఇచ్చిన ఒప్పందంలో ఉంది. ఆ షరతు పెట్టించింది నువ్వే. ఫోన్ చేశాను. మళ్ళీ చేశాను. నర్సు బర్నెట్టా కిటికీలోంచి మంచుకేసి చూసి, "మీ నాన్నగారు గడ్డకట్టిన చెరువు మీద గుడిసెలో, మంచుకి కన్నం పెట్టి గాలం వేసుక్కూర్చుని ఉంటారమ్మా. అక్కడ సిగ్నలెక్కడిది? ఇచ్చెయ్యి, ఆయన కాదంటారా ఏంటి?" అంది. ఆర్విడ్ ఆ ఆయాసంలోనే, "ఇచ్చెయ్ తల్లీ, నేనేమన్నా కోర్టుకెక్కుతానా!" అన్నాడు.

ఇవ్వలేదు. నువ్వు కాదనవని నాకూ తెలుసు. కానీ నువ్వు సరే అనడానికీ, అంటావని నేను ఊహించుకోవడానికీ మధ్య ఒక మనిషి ప్రాణం ఉంది. ఏళ్ళ తరబడి అతన్ని చూస్తున్నది నువ్వు. ఏ మందు అతనికి పడదో నీకే తెలియాలి. అంబులెన్సులో పంపాను. దారిలోనే అతని గుండె దానంతటదే కుదుటపడింది. మర్నాడు తిరిగొచ్చి ఊరంతా చెప్పుకున్నాడు. ఇక నేను ఊరికి నవ్వులాట అయ్యాను.

ఇదొక్కటే అయితే ఊరుకునేదాన్ని. శుక్రవారాలు నువ్వు వచ్చి, కాఫీ తాగుతూ, బర్నెట్టాతో హాకీ కబుర్లాడుతూ, నా కేసులన్నిటికీ సంతకాలు పెట్టేస్తావు. పోయిన నెల ఒక ముసలావిడ కాగితం మీద, "ఈ మోతాదు ఎక్కువేమో, చూడు నాన్నా" అని రాశాను. ఆ ప్రశ్న కిందే సంతకం పెట్టావు. అదేంటని అడిగితే వీపు తట్టి, "నా కూతురి పనిని నేను తనిఖీ చెయ్యాలా? అంత నమ్మకం నాకు!" అని మురిసిపోయావు. నమ్మకం కూతురికి ఇచ్చేది నాన్నా. అసిస్టెంటుకి కావలసింది జవాబు.

డాక్టర్ని కాలేక నేను ఫిజీషియన్ అసిస్టెంట్ అయ్యానని బంధువులతో అంటూ ఉంటావు. కాదు. పక్కన ఇంకొకరుండి, ఇద్దరం కలిసి ఆలోచించే పని కావాలని ఎంచుకున్నాను. ఆ పక్క ఖాళీగా ఉంది.

ఆర్విడ్ సంగతి జరిగిన వారమే జిల్లా ఆసుపత్రికి వెళ్ళి డాక్టర్ బెల్ట్రాన్‌ని కలిశాను. నువ్వు చాదస్తపు మనిషి అంటావే, ఆవిడే. ప్రశ్నలతో నన్ను పీల్చి పిప్పి చేసింది. "నేను ఆపరేషన్‌లో ఉంటే నా బదులు ఫోనెత్తేది ఎవరో ముందే రాసి పెడదాం," అంది. "నువ్వు చేసిన తప్పుకి చట్టం నన్నూ నిలదీస్తుంది, తెలుసుగా?"

"తెలిసే వచ్చానండీ," అన్నాను.

"అయితే కూర్చో."

నిన్న ఆ కొత్త ఒప్పందానికి మండలి ఆమోదం కూడా వచ్చింది. మనిద్దరి ఒప్పందం రద్దు చేసుకుంటున్నట్టు వాళ్ళకి రాసేశాను. సోమవారం నుంచి నా పర్యవేక్షక డాక్టరు ఆవిడ. నువ్వు కాదు.

సిగ్రిడ్